తెలిసిన గొంతు

అల్సీ గిల్లరీకి కోపం అణుచుకోవడం చేతకాదని పెరోల్ బోర్డు తేల్చింది. చేతనవుతుందని రుజువు చేసే సర్టిఫికెట్ అతని ఫైల్లో లేదట. పన్నెండేళ్ళుగా ఆ జైల్లో కోపం అణుచుకునే క్లాసు చెబుతున్నది ఆ అల్సీయే. అతని చేతి మీదుగా ఆరు వందల మంది సర్టిఫికెట్లు పుచ్చుకుని ఇళ్ళకి వెళ్ళారు. ఆ ఆరు వందల కాగితాల కిందా అతని సంతకం ఉంది. పైన, పాసైన వాడి పేరు రాసే గీత మీద మాత్రం ఒక్కసారీ అతని పేరు పడలేదు.

ఎలా పడుతుంది? క్లాసులో ఇరవై కుర్చీలు. ఎవడు ముందు విడుదలవుతాడో వాడికి ముందు కుర్చీ, అదీ అక్కడి పద్ధతి. కంప్యూటర్లో అల్సీ విడుదల తేదీ గడిలో వరసగా తొమ్మిదులు కొట్టి ఉంటాయి. పెరోల్ మీద విడుదలయ్యే వీలు లేని యావజ్జీవం. అంటే శవమై బయటికి పోవాల్సిన మనిషని. చచ్చేదాకా ఇక్కడే పడి ఉండేవాడికి కోపం తగ్గితేనేం, తగ్గకపోతేనేం అనుకున్నారు పెద్దలు. 1979లో, అతనికి పదహారేళ్ళప్పుడు వేశారు ఆ శిక్ష. అప్పటికి అతనికి బీరు అమ్మరు, ఓటు ఇవ్వరు, అద్దెకి గది కూడా ఇవ్వరు. చిన్నపిల్లాడు, ఇంకా బుద్ధి రాలేదు అంటారు. చచ్చేదాకా జైల్లో పెట్టడానికి మాత్రం ఎదిగిన మగాడైపోయాడు. ఏం న్యాయమో, ఆ న్యాయం రాసినవాళ్ళ ఇళ్ళల్లో పదహారేళ్ళ పిల్లలు ఎప్పుడూ లేరేమో!

ముప్పై ఏడేళ్ళు గడిచాక వాషింగ్టన్‌లోని పెద్ద కోర్టు వారు పసివాళ్ళని అలా పారెయ్యడం తప్పే అన్నారు. పాతవాళ్ళకి కూడా ఒక్క అవకాశం ఇచ్చి చూడండి అన్నారు. ఆ మాట ఈ జైలున్న లూసియానా రాష్ట్రం దాకా నడిచి, చట్టమై, కాగితమై, వరసలో అల్సీ వంతు వచ్చేసరికి అతనికి యాభై తొమ్మిదేళ్ళు నిండాయి. జుట్టు తెల్లబడింది. మోకాళ్ళు అరిగాయి. నలభై మూడేళ్ళ తర్వాత మొదటిసారి బోర్డు ముందు కూర్చున్నాడు.

ముందు అంటే ఎదురుగా కాదు. బోర్డు ముగ్గురూ రాజధానిలో కూర్చుంటారు, ఖైదీ జైల్లో ఓ చిన్న గదిలో టీవీ ముందు కూర్చుంటాడు. తెర మీద మధ్యలో అధ్యక్షురాలు మిసెస్ హార్‌గ్రోవ్, అటూ ఇటూ ఇద్దరు మగాళ్ళు. వాళ్ళ వెనక బల్ల మీద నీలం టోపీ పెట్టుకుని అక్క వర్లీన్. ఇంకో పక్క బల్ల మీద, ఎవరితోనూ మాట్లాడకుండా, క్లాడీన్ సేమియన్. 1979లో ఆ కేసులో హత్యకి గురైన కొట్టు యజమాని హిపొలిట్ సేమియన్ కూతురు ఆవిడ.

"మిస్టర్ గిల్లరీ, నలభై మూడేళ్ళలో మీ మీద కొట్లాట కేసు ఒక్కటే ఉంది. అదీ ఎప్పుడో 1984లో. చాలా మంచిది. కానీ కోపం క్లాసు సర్టిఫికెట్ ఏదండీ?" అంది హార్‌గ్రోవ్.

"ఆ క్లాసు చెప్పేది నేనేనమ్మా."

"చెప్పడం వేరు. మీరు పూర్తిచేసినట్టు ఎక్కడా లేదే!"

"ఏటా అర్జీ పెట్టానమ్మా. నీకు విడుదల తేదీ లేదు, కుర్చీ లేదు అన్నారు."

"ఎందుకు చెయ్యలేదన్నది ఇవాళ మా ముందున్న విషయం కాదు."

అరికాళ్ళ నుంచి మంట పైకి ఎక్కడం అల్సీకి తెలిసింది. ఆరు వందల మందికి నేర్పిన పాఠమే తనకి తాను చెప్పుకున్నాడు. పది దాకా లెక్కపెట్టాడు. చాలలేదు, ఇరవై దాకా లెక్కపెట్టాడు.

నాలుగు నెలలు వాయిదా వేశారు. సర్టిఫికెట్ పట్టుకురండి, మిగతా అంతా సవ్యంగానే ఉంది, మీ అక్కగారు ఇల్లు చూపించారు, ఈ ఒక్క కాగితమే అడ్డం అని హార్‌గ్రోవ్ మంచిగానే చెప్పింది. లేచేముందు క్లాడీన్ వైపు తిరిగి, "మీకేమైనా అభ్యంతరం ఉందా అమ్మా?" అని అడిగింది.

"ఇవాళ నేనేం చెప్పను," అంది క్లాడీన్. "మళ్ళీ వస్తాను."

పోవడానికి ఇల్లు చూపించనివాణ్ణి బోర్డు వదలదు. అల్సీకి ఉన్నది ఒక్క వర్లీన్ ఇల్లే. అమ్మ పోయింది, అన్నలు పోయారు. వర్లీన్‌కి అరవై ఆరు దాటాయి, గుండెకి రెండుసార్లు ఆపరేషన్ అయింది. ఆవిడ ఉండగా బయటపడితే పడ్డట్టు, లేకపోతే లేదు. ఆ సంగతి అల్సీకి తెలుసు, వర్లీన్‌కీ తెలుసు, ఇద్దరూ ఎప్పుడూ ఆ మాట పైకి అనుకోలేదు.

సంగతి జైలంతా పాకిపోయింది. భోజనాల హాల్లో ఎర్ర చిక్కుడు గింజలూ అన్నం పళ్ళెం పట్టుకుని అల్సీ కూర్చోగానే మొదలెట్టారు.

"మాస్టారూ, ఉప్పు అందించనా? కోప్పడరు కదా?"

"దూరంగా కూర్చోండ్రా బాబూ! సర్టిఫికెట్ లేని మనిషి, ఎప్పుడు మీద పడతాడో!"

అల్సీ కూడా నవ్వాడు. నవ్వకపోతే సర్టిఫికెట్ లేదన్న మాట నిజమైపోతుందని నవ్వాడు.

కొత్తగా వచ్చిన ప్రోగ్రాం ఆఫీసరు ప్రెజాన్ ముప్పై ఏళ్ళ కుర్రాడు. మంచివాడే. బోర్డు ఉత్తరం చూపించి పైవాళ్ళతో మాట్లాడి, గదిలో ఇరవై ఒకటో కుర్చీ వేయించాడు. అయితే తన సర్టిఫికెట్ మీద తనే సంతకం పెట్టుకోకూడదు కదా! అందుకని ఈసారి క్లాసు లమార్ చెప్పాలన్నాడు.

లమార్‌కి నలభై రెండేళ్ళు. అతనిదీ పెరోల్ లేని యావజ్జీవమే. పద్దెనిమిదో పుట్టినరోజు అయిన మూడు వారాలకి నేరం చేశాడు కాబట్టి పెద్ద కోర్టు వారి దయ అతని దాకా రాలేదు. మూడు వారాల ముందు చేసి ఉంటే పసివాడు, తర్వాత చేశాడు కనక కాడు. ఎనిమిదేళ్ళుగా అల్సీ పక్కన మూల కుర్చీలో కూర్చుని, రిజిస్టర్లో పేరు లేకుండానే, పాఠం చెప్పడం నేర్చుకున్నాడు.

మొదటి రోజు గదిలోకి అడుగుపెట్టి, ముందు వరసలో కుర్రాళ్ళ మధ్య కూర్చున్న అల్సీని చూసి లమార్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డాడు. పాఠం మధ్యలో మాట మర్చిపోతే అల్సీ పెదవులు కదిలేవి. "మాస్టారూ, మీరు అందించకండి, నాకు నవ్వొస్తోంది," అనేవాడు లమార్. క్లాసంతా గొల్లుమనేది. తొమ్మిది వారాలు అలా హాయిగానే గడిచాయి.

పదో వారం ఉత్తరం.

ఆ క్లాసులో అందరూ భయపడేది దానికే. నువ్వు ఎవరికి అన్యాయం చేశావో వాళ్ళకి ఉత్తరం రాయాలి. దాన్ని పంపరు, పంపడం నిషేధం. మాస్టారు చదివి, నిజముంటే ఒప్పుకుంటాడు, లేకపోతే మళ్ళీ రాయిస్తాడు. ఒప్పుకున్న ఉత్తరాల్ని ఆఖరి రోజు బెండ చేల పక్కనున్న రేకుల షెడ్డు వెనక డబ్బాలో వేసి తగలబెట్టేవారు. ఇదంతా అల్సీ పెట్టిన పద్ధతే. ఏ పుస్తకంలోనూ లేదు. రాసేవాళ్ళకి అతను ఒక్క మాటే చెప్పేవాడు: నువ్వు చేసింది రాయి, పక్కవాడు చేసింది రాయకు.

ప్రెజాన్ వచ్చాక అందులో ఒక్క మార్పు జరిగింది. ఇంత మంచి ఉత్తరాలు కాల్చెయ్యడమేమిటి, బోర్డు వాళ్ళు చూస్తే మనసు కరుగుతుంది కదా అని, ప్రతి ఉత్తరానికీ నకలు తీసి ఫైల్లో పెట్టడం మొదలుపెట్టాడు. మేలు చేద్దామనే చేశాడు పాపం.

అల్సీ అరగంటలో రాసేశాడు. లమార్ చదివాడు, మడిచాడు, తిరిగి ఇచ్చేశాడు.

"మళ్ళీ రాయండి మాస్టారూ."

"ఏం తక్కువైందిరా?"

"సేమియన్ గారికి క్షమాపణ చెప్పారు, బాగుంది. ఆ సాయంత్రం కారు దగ్గర నిలబడ్డానని రాశారు. క్లోవిస్ లోపలికి వెళ్ళాడు, క్లోవిస్ పేల్చాడు, క్లోవిస్ పరిగెత్తాడు. ఇది క్లోవిస్ రాయాల్సిన ఉత్తరం."

క్లోవిస్ అల్సీకి దూరపు బంధువు, వయసులో ఎనిమిదేళ్ళు పెద్ద. అతనూ ఇదే జైల్లో ఉండి, కాలేయం చెడి చనిపోయాడు. అతని ఉత్తరం ఎవరూ అడగలేదు.

రెండోసారి రాసినదీ వెనక్కి వచ్చింది. మూడోసారి కూడా లమార్ తల అడ్డంగా ఊపేసరికి అల్సీకి తల తిరిగిపోయింది.

"ఒరేయ్, నీకు రాయడం నేర్పిందే నేనురా!"

"అందుకే అంటున్నా. నాచేత ఏడుసార్లు రాయించారు. నా చేతిలో పోయిన ముసలావిడ నా మొహం చూసి, బాబూ అని పిలిచిందని ఏడోసారికి గానీ రాయలేకపోయాను. మర్చిపోయారా?"

"బోర్డుకి పది రోజులే ఉంది. సంతకం పెట్టరా. నీ సొమ్మేం పోయింది?"

"నా సొమ్మేం పోదు."

"కుళ్ళురా నీకు! నేను ఇంటికి పోతున్నానని కుళ్ళు!"

లమార్ కాగితం బల్ల మీద పెట్టాడు.

"కుళ్ళే," అన్నాడు. "లేదని ఎవరన్నారు? రాత్రిళ్ళు నిద్ర కూడా పట్టట్లేదు. అయినా ఈ కాగితం మాత్రం అబద్ధం మాస్టారూ."

అల్సీ కుర్చీ ఎత్తి గోడకేసి కొట్టాడు. చప్పుడుకి కాపలావాడు తలుపు తోసుకొచ్చాడు. ఆ కాపలావాడు ఈ గొడవ రిపోర్టులో రాస్తే చాలు, సర్టిఫికెట్ కాదు కదా, బోర్డు కూడా గల్లంతే.

"ఏంటది?"

"ఏం లేదు సార్," అన్నాడు లమార్. "కోపం వస్తే మనిషి ఎలా ఉంటాడో మాస్టారు చేసి చూపిస్తున్నారు."

కాపలావాడు అందరి మొహాలూ చూసి వెళ్ళిపోయాడు. అల్సీ వంగి కుర్చీ లేపి నిలబెట్టాడు.

అబద్ధమని లమార్‌కి ఎలా తెలిసింది? ఆరు వందల ఉత్తరాలు చదివినవాడి పక్కన కూర్చుంటే తెలుస్తుంది. నిజం ఇదీ. హిపొలిట్ సేమియన్ కొట్టుని అంతకుముందు రెండుసార్లు దోచుకున్నారు. అప్పటి నుంచి ఆయన పొద్దుగూకగానే తలుపు గడియ పెట్టేసేవాడు. ఎవరొచ్చి తట్టినా తియ్యడు. లోపలి నుంచి ఎవరని అడుగుతాడు, తెలిసిన గొంతయితేనే గడియ తీస్తాడు. ఆ వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు, క్లోవిస్‌కీ తెలుసు. క్లోవిస్ గొంతు వింటే ఆయన జన్మలో తియ్యడు. అల్సీది ఆదివారం ఆదివారం చర్చిలో పాటలు పాడే గొంతు, ఊరందరికీ తెలిసిన గొంతు. "హిపొలిట్ గారూ, నేను అల్సీని. అమ్మకి జ్వరంగా ఉంది, మాత్ర కావాలి," అన్నాడు అల్సీ. క్లోవిస్ నడుములో తుపాకీ ఉందని అతనికి తెలుసు, చూశాడు. కాలుస్తాడనుకోలేదు, అంతే. గడియ చప్పుడైంది. అమ్మకేమైందిరా అని అడుగుతూ తలుపు తీశాడు ఆ పెద్దాయన.

కారు దగ్గర నిలబడ్డానని చెప్పమన్నది కోర్టు ఇచ్చిన వకీలు. విచారణకి ముందు పావుగంట మాట్లాడాడు, పేరు కూడా తప్పు పలికాడు. "నువ్వు కారు దగ్గరున్నావు, నీకేం తెలీదు. ఇంకో ముక్క మాట్లాడకు," అన్నాడు. పదహారేళ్ళ పిల్లాడు పెద్దవాళ్ళు చెప్పినట్టే చేశాడు. దానివల్ల ఒరిగిందీ లేదు. కారు దగ్గరున్నా, తలుపు దగ్గరున్నా, తుపాకీ పట్టుకున్నా ఒకటే శిక్ష ఆ చట్టానికి. కానీ ఆ మాట మిగిలిపోయింది. అమ్మ అదే నమ్మింది, అక్క అదే నమ్మింది, అర్జీలు రాసిన లాయర్లందరూ అదే రాశారు. నలభై మూడేళ్ళు చెప్పగా చెప్పగా అల్సీకి ఆ కారు రంగు కూడా కనపడేది, తలుపు మాత్రం కనపడేది కాదు. క్లాసు మొదలుపెట్టినప్పుడు అతన్ని ఉత్తరం రాయమని అడిగేవాడు ఎవడున్నాడు? మాస్టారు కదా! క్లాసులో అందరినీ ఏడిపించి రాయించి, తను మాత్రం చదువుతూ కూర్చున్నాడు.

ఆదివారం వర్లీన్ చర్చి వ్యానులో మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. సందర్శకుల హాల్లో డబ్బులేస్తే వచ్చే మిషన్లో కొన్న కోడి శాండ్‌విచ్ సగం విరిచి తమ్ముడి ముందు పెట్టింది.

"నీ గదికి రంగు వేయించానురా. పసుపుపచ్చ. వద్దంటే చెప్పు, ఇంకా తడి ఆరలేదు."

"అక్కా, తలుపు తీయించింది నేనే."

ఆవిడకి అర్థం కాలేదు. రెండోసారి పూర్తిగా చెప్పాడు. శాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది. తర్వాత చెయ్యి చాచి చెంప మీద ఒక్కటిచ్చింది. "ముట్టుకోకూడదమ్మా," అని కాపలావాడు దూరం నుంచి అరిచాడు.

"చర్చిలో నిలబడి, మా తమ్ముడు కారు దగ్గరే ఉన్నాడని బైబిల్ మీద చెయ్యేసి చెప్పానురా! ఒక్కసారి కాదు. సేమియన్ గారి భార్య నా వెనక వరసలోనే కూర్చునేది. ఆవిడ మొహం చూసి చెప్పాను. అమ్మ ఆ మాట పట్టుకునే పోయింది."

"తెలుసక్కా."

"ఏం తెలుసు నీకు? నీకేం తెలుసు?" అని కాసేపు ఏడ్చింది. ముక్కు తుడుచుకుని, గొంతు తగ్గించింది. "ఎవరికి చెప్పావు?"

"నీకే. ఉత్తరంలో రాయాలి."

"రాయకు! నీకేమైనా పిచ్చా? ఇంటికి రా. వచ్చి నాతో చెప్పుకో, క్లాడీన్ గుమ్మంలో కూలబడి ఆవిడతో చెప్పుకో. నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను. ఆ కాగితం మీద మాత్రం పెట్టకు. వాళ్ళు మనుషులనుకుంటున్నావా? కాగితాలురా వాళ్ళు!"

"లమార్ సంతకం పెట్టడు."

"వాడెవడు మధ్యలో? నా ఎదటికి రమ్మను వాణ్ణి!"

వ్యాను బయల్దేరే వేళయ్యేదాకా బతిమాలుతూనే ఉంది. తిట్టింది, బుజ్జగించింది, తన గుండె సంగతి కూడా ఎత్తింది. అల్సీ ఊఁ కొట్టాడు గానీ మాట ఇవ్వలేదు.

సోమవారం రాశాడు. పేజీన్నర. క్లోవిస్ పేరు ఒక్కసారే వచ్చింది. తలుపు అవతలి నుంచి ఆ పెద్దాయన అడిగిన ఆఖరి మాట కూడా రాశాడు. ఎందుకు రాశాడంటే ఏం చెప్పాలి? లమార్ సంతకం కోసం రాశాడన్నది నిజమే. అయితే ఆ ఒక్కదాని కోసమే అయితే ఇంకో నేర్పైన అబద్ధం రాసి ఉండొచ్చు, అంత తెలివి అతనికుంది. ఇంకోడెవడైనా అలాంటి అబద్ధం తెచ్చిస్తే తను ఒప్పుకోడు. అది అడ్డం పడింది.

లమార్ చదివి పెన్ను తీశాడు. "ఇప్పుడు నేను సంతకం పెడితే ఇది ఫైల్లోకి పోతుంది. పెట్టమంటారా?" అన్నాడు. అతని గొంతులో భయం ఉంది.

"పెట్టు."

సర్టిఫికెట్ బంగారు అంచుతో వచ్చింది. పై గీత మీద అల్సీ పేరు పొడుగ్గా రాసి ఉంది. ప్రెజాన్ దాన్ని అద్దం కాగితంలో పెట్టి తెచ్చి, చేతులు రెండూ పట్టుకుని ఊపాడు.

బోర్డు రోజున తెర మీద ముందు హార్‌గ్రోవ్ సర్టిఫికెట్ ఎత్తి చూపించింది. "బాగుంది మిస్టర్ గిల్లరీ, అడిగింది తెచ్చారు," అంది. తర్వాత ఫైలు తిప్పింది. ఉత్తరం దగ్గర ఆగింది. పక్కనున్న ఇద్దరూ వంగి చదివారు. ఎడమ పక్కనున్నాయన ఒకప్పుడు షెరీఫ్‌గా, అంటే జిల్లా పోలీసు పెద్దగా చేసినవాడు, ఆయన రెండుసార్లు చదివాడు. వెనక వర్లీన్ కళ్ళు మూసుకుని ఉంది.

"ఇందులో రాసింది నిజమేనా?"

"నిజమేనమ్మా."

"ఇంతకాలం ఎందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు, చెప్పలేదు. తర్వాత చెప్పే ధైర్యం లేకపోయింది."

హార్‌గ్రోవ్ క్లాడీన్ వైపు తిరిగింది. ఈసారి క్లాడీన్ లేచి మైకు దగ్గరికి వచ్చింది. యాభై రెండేళ్ళ మనిషి, స్కూలు బస్సు నడిపే నీలం చొక్కాలోనే వచ్చింది.

"అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు," అంది. "కొట్టు లోపల మేడ మెట్ల మీద కూర్చుని ఉన్నాను. హిపొలిట్ గారూ, నేను అల్సీని అనడం నా చెవులతో విన్నాను. అమ్మతో చెప్పాను. అమ్మ నా నోరు మూసింది. అల్సీ మంచి పిల్లాడే, చర్చిలో పాడతాడే, నువ్వు కల కన్నావు, ఒకళ్ళ బతుకు పాడుచెయ్యకు అంది. పోలీసులు నన్ను అడగలేదు, చిన్నపిల్లని కదా. కోర్టులో కారు దగ్గరున్నాడన్నారు. ఈవిడ చర్చిలో బైబిల్ మీద చెయ్యేసి అదే చెప్పింది." వర్లీన్ వైపు చూడకుండానే చేత్తో చూపించింది. "నాకు పిచ్చేమో అనుకున్నాను. నలభై మూడేళ్ళు ఎవరైనా తలుపు తడితే నాకు ఆ గొంతే. కల కన్నానో, విన్నానో తెలియకుండా బతకడం ఎలా ఉంటుందో మీకు తెలియదు. పోయినసారి వీడు చెప్తాడేమోనని వచ్చాను. చెప్పలేదు. ఇప్పుడు చెప్పాడు. నాకు కావాల్సింది అదే. ఇంక నాకేం అక్కర్లేదు. వదిలెయ్యండి వాణ్ణి, ఇంటికి పోనివ్వండి. అప్పుడు వాడూ పిల్లాడే."

తెర ఇవతల అల్సీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. హార్‌గ్రోవ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "వదిలేద్దామనే నా ఓటు," అంది. కుడి పక్కనాయన కూడా సరేనన్నాడు. వర్లీన్ అప్పటికే లేచి నిలబడింది, చేతిసంచి భుజానికి తగిలించుకుంటోంది.

ముగ్గురూ ఒక్క మాట మీదుండాలి. షెరీఫ్‌గా చేసినాయన కాగితం బల్ల మీద సవరించి పెట్టాడు.

"ఇవాళ్టి దాకా ఫైలు ప్రకారం ఈయన దూరంగా కాపలా ఉన్న మనిషి. ఆ లెక్కన నేను వదిలేద్దామనే వచ్చాను. ఇప్పుడు తలుపు తీయించింది తనేనని సొంత చేతిరాతలో ఉంది. విన్నానని ప్రత్యక్ష సాక్షి కూడా చెప్పారు. ఇది వేరే నేరం. పైగా ఇన్నేళ్ళు దాచాడు. నేను ఒప్పుకోను."

"నేను వదిలెయ్యమన్నానండీ!" అంది క్లాడీన్.

"మీ సమయం అయిపోయిందమ్మా," అంది హార్‌గ్రోవ్, కిందికి చూస్తూ.

"నా మాట పట్టుకునే వాణ్ణి ఆపుతారా? నేనేం చెప్పానో వినబడలేదా మీకు?"

"తిరస్కరించడమైనది. మళ్ళీ రెండేళ్ళకి."

తెర నల్లబడింది. ఆఖర్న అల్సీకి కనబడింది, క్లాడీన్ బల్ల మీద చరుస్తూ అరుస్తూంటే వర్లీన్ ఆవిడ నడుము చుట్టూ చేతులేసి వెనక్కి లాగడం. అతను పది లెక్కపెట్టలేదు. లెక్కపెట్టడానికి కోపం రాలేదు. కాపలావాడు రెండుసార్లు పిలిస్తే గానీ కుర్చీలోంచి లేవలేదు.

వర్లీన్ ఫోన్ చేసినప్పుడు, చెప్పానా అని అనలేదు. "క్లాడీన్ నన్ను ఇంటిదాకా దింపిందిరా," అంది. "దారంతా నీ తమ్ముణ్ణి నేనే ఆపేశాను అని ఒకటే ఏడుపు. నేనే ఓదార్చాను. చూడు రోజులెలా వచ్చాయో!" "రెండేళ్ళంటే ఎంతలోకి వస్తాయిలే," అంది. అబద్ధమాడటం ఆవిడకి ఇప్పటికీ చక్కగా రాదు.

వారం తిరక్కుండా ప్రెజాన్ వచ్చాడు. చాలా బాధపడుతున్నాడు, ఆ నకళ్ళ సంగతి తలుచుకుని మొహం చెల్లట్లేదు అతనికి. ఏదో ఒక మంచి మాట చెప్పాలని, "మాస్టారూ, ఒక్క సంతోషమేంటంటే, ఇప్పుడు మీకు సర్టిఫికెట్ ఉంది కాబట్టి క్లాసు చెప్పడానికి మీరు రూలు ప్రకారం అర్హులు," అన్నాడు. "నకళ్ళు మానేద్దామని అడిగాను. పైవాళ్ళు మానొద్దన్నారు. బోర్డు వాళ్ళకి అవి బాగా పనికొస్తున్నాయట."

కొత్త క్లాసులో ఇరవై మంది. అందరికీ విడుదల తేదీలున్నాయి. అల్సీ పాఠం బాగానే చెప్పాడు, ముందుకన్నా తక్కువ మాట్లాడాడు. లమార్ మూల కుర్చీలోకి తిరిగి వచ్చాడు. ఇద్దరూ ఆ ఉత్తరం ఊసు ఎత్తలేదు.

పదో వారం కాగితాలు పంచుతూంటే డార్సీ అనే అతను చెయ్యెత్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి, ఇంకో నాలుగు నెలల్లో బోర్డు ముందుకి వెళ్ళాలి.

"మాస్టారూ, తప్పుగా అనుకోకండి. నిజం రాసినందుకే మిమ్మల్ని ఆపేశారంట కదా?"

"అవును."

"మరి మమ్మల్నేం రాయమంటారు?"

పన్నెండేళ్ళుగా ఆ ప్రశ్నకి అల్సీ జవాబు వెతుక్కోవాల్సిన అవసరం రాలేదు. లమార్ మూలలో తలెత్తి అతని వైపే చూస్తున్నాడు.

"పిల్లలున్నారా నీకు?" అన్నాడు అల్సీ.

"ఇద్దరండీ. చిన్నదానికి ఆరేళ్ళు."

అల్సీ చేతిలో మిగిలిన కాగితాలు బల్ల మీద పెట్టాడు.

"కోర్టులో నీ వకీలు నిన్నేం చెప్పమన్నాడో అది రాయి," అన్నాడు.

లమార్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. ఇరవై మందీ తలలు వంచుకుని గబగబా రాశారు, అరగంటలో అందరివీ అయిపోయాయి, అల్సీ ఒక్కటీ వెనక్కి ఇవ్వలేదు.